టిఫిన్ చేయకుండా మాత్ర వేసుకుని రావద్దు

మంగళవారం

పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోగానే ఎదురైన వాక్యం ఇది. ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వెబ్‌సైట్‌కి తెలుగు పేజీలు సరిచేసే పని ఒప్పుకున్నాను. ఇవాళ్టి పేజీ ఫాస్టింగ్ షుగర్ పరీక్షకి వచ్చేవాళ్ల కోసం. అందులో ఉంది: "టిఫిన్ చేయకుండా మాత్ర వేసుకుని రావద్దు".

రాసినవాళ్ల మనసులో ఉన్నది తెలుస్తూనే ఉంది. టిఫిన్ చేయొద్దు, షుగర్ మాత్ర వేసుకోవద్దు, పరగడుపున రండి అని. కానీ ఆ వాక్యం చెబుతున్నది అది కాదు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోవద్దు, ముందు రెండు ఇడ్లీలు తిని ఆ తర్వాత వేసుకుని రండి అంటోంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రోజూ చెప్పే జాగ్రత్తే కాబట్టి చదివినవాళ్లకి అనుమానం కూడా రాదు. ఆ పరీక్షకేమో కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. ఎక్కడో పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన మనిషిని "తినేసి వచ్చారా, అయితే రేపు రండి" అని పంపించేస్తారు. లేదంటే అడక్కుండానే రక్తం తీస్తారు, రిపోర్టులో అంకె ఎక్కువ కనిపిస్తుంది, ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

"చేయకుండా" పక్కన కామా పెట్టి చూశాను. సగమే తేలింది. చివర్లో ఉన్న "వద్దు" వెనక్కి ఎంతవరకు పాకుతుందో అప్పటికీ స్పష్టంగా లేదు. అందుకని వాక్యాన్నే విరిచేశాను. "టిఫిన్ చేయకుండా రావాలి. షుగర్ మాత్ర కూడా వేసుకోవద్దు. రక్తం ఇచ్చాక, తిన్న తర్వాత వేసుకోవచ్చు." మూడు ఫుల్‌స్టాప్‌లు, ఒక కామా. చివరి వాక్యం డాక్టరు గారు చూసి సరే అనాలి కాబట్టి పక్కన గుర్తు పెట్టి పంపాను.

ఈ పని చేస్తున్నకొద్దీ నాకు బలపడుతున్న అభిప్రాయం ఒకటుంది. తెలుగు వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పడానికి చాలాసార్లు ఫుల్‌స్టాప్ కూడా అక్కర్లేదు, చివర వచ్చే క్రియే చెప్పేస్తుంది. మన తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా లేకుండా రాసుకుంటూ పోయేవారు, పద్యం అయిపోయినచోట నిలువు గీతలు గీసేవారు. చదివేవాడికి ఛందస్సు తెలుసు, భాష తెలుసు, ఎక్కడ ఆగాలో నోటికే తెలుసు. కానీ ఇప్పటి మన వచనంలో అసలు కష్టం చివర్లో లేదు, మధ్యలో ఉంది. చేసి, చూసి, వెళ్లకుండా, వచ్చాక అంటూ అసమాపక క్రియలు వరసగా అల్లుకుంటూ పోతాం. ఏ ముక్క దేనికి అతుక్కుంటుందో ఆ కీలు దగ్గర కామా చెప్పాలి. అది లేకపోతే ఎవరికి తోచినచోట వాళ్లు విరిచి చదువుకుంటారు.

"అని" సంగతి కూడా ఇంతే. ఎవరో అన్న మాట ఎక్కడ అయిపోయిందో "అని" చెబుతుంది. ఎక్కడ మొదలైందో మాత్రం చెప్పదు. అదే పేజీ అడుగున ఒక పేషెంట్ అభిప్రాయం వేశారు: "డాక్టరు గారు మా నాన్నగారికి గుండె బాగానే ఉంది భయపడొద్దు అని చెప్పారు". నాన్నగారికి చెప్పారా? నాన్నగారి గుండె గురించి ఈ అబ్బాయికి చెప్పారా? ముందువైపు కోట్ పడేదాకా తేలదు. ముగింపు కోట్‌ని వదిలేసినా "అని" ఆదుకుంటుంది కానీ, మొదటి కోట్‌ని ఆదుకునే మాటేదీ మన దగ్గర లేదు. ఆ అబ్బాయిని కనుక్కుని చెప్పమని రాశాను. ఊహించి పెట్టడం నాకిష్టం లేదు.

పదకొండింటికి డిజైన్ చేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, ఫోన్లో చదివేవాళ్లు కామాలు ఎక్కడ చూస్తారక్కా? లుక్ పోతోంది, తీసేద్దాం" అన్నాడు. మంచి పిల్లాడు, పని మీద శ్రద్ధ ఉంది. శీర్షికలకీ, బటన్ల మీద మాటలకీ ఫుల్‌స్టాప్ అక్కర్లేదు, అది నేనే తీయించాను. "రిపోర్టు చూడండి" అన్న బటన్‌కి చుక్క ఎందుకు? కానీ సూచనల దగ్గర ఒప్పుకోలేదు. "కామాని ఎవరూ చూడరు నాన్నా, దాని దగ్గర ఆగుతారు అంతే" అన్నాను. "షుగర్ డాక్టరు రెండు మూడు శనివారాల్లో ఉంటారు" అన్న వాక్యం చదివి వినిపించాను. "అంటే ఓ రెండు మూడు శనివారాలే కదా?" అన్నాడు. కాదు, నెలలో రెండోదీ మూడోదీ. "రెండో, మూడో శనివారాల్లో" అని మార్చాక తనే "అమ్మో" అన్నాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పేజీని అత్తయ్య ఫోన్లో తెరిచిచ్చాను. ఆవిడకి ఈ మధ్యే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కావాలి. ఏదైనా సరే ఫోన్ చేత పైకి చదివించుకుని వింటున్నారు. నాకు ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష తెలియదు. కళ్లతో చదివేవాళ్లం తప్పులున్నా సర్దుకుని ముందుకు పోతాం. ఫోన్ గొంతు సర్దుకోదు. కామా దగ్గర కాస్త ఆగుతుంది, చుక్క దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగుతుంది, ఏదీ లేకపోతే ఒకే ఊపులో పోతుంది. పాత పేజీ విని అత్తయ్య "ఏంటమ్మా, ఎవరో తరుముతున్నట్టు చదువుతోంది" అన్నారు.

అసలు చిక్కు పొట్టి రాతల దగ్గర బయటపడింది. "ఉ. 7.30 - సా. 5.30" అని ఉంది వేళల దగ్గర. కాగితం మీదైతే ఎవరికీ ఇబ్బంది లేదు, ఏళ్ల తరబడి కరపత్రాల్లో అలాగే చదువుతున్నాం. ఫోన్ మాత్రం "ఉ" అని ఆగింది. వాక్యం అయిపోయిందనుకుంది. తర్వాత "ఏడు పాయింట్ మూడు సున్నా" అంది. అత్తయ్య "అదేం మందు?" అని అడిగారు. "ఉదయం 7:30 నుంచి సాయంత్రం 5:30 వరకు" అని విడమర్చి రాశాను. "డా." అన్నచోటల్లా "డాక్టర్" చేశాను. "రూ.1200/-" ని "1,200 రూపాయలు" చేశాను. నాలుగు అక్షరాలు పెరిగితే పెరగనీ. వెబ్ పేజీలో కాగితం ఖర్చు లేదు కదా.

సాయంత్రం దాకా మిగతా తుడుపు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు కానీ పేజీని పాడుచేసేవి ఇవే. కామాకి ముందు ఖాళీ వదులుతారు, దాంతో చిన్న తెర మీద ఆ కామా ఒంటరిగా కింది వరుస మొదట్లోకి వచ్చి పడుతుంది. ఫుల్‌స్టాప్ తర్వాత ఖాళీ వదలరు. "రావాలి.పరగడుపున" మొత్తం ఒకే ముక్క అయిపోయి, వరుసలో పట్టక కిందికి దిగిపోతుంది, పైన సగం వరుస బోసిగా మిగులుతుంది.

ఇంకొకటి విసర్గ. "పునఃపరీక్ష" అని ఉండాల్సినచోట కోలన్ కొట్టి "పున:పరీక్ష" అని రాశారు. చూడ్డానికి రెండు చుక్కలే కాబట్టి తేడా ఏముందనిపిస్తుంది. కానీ విసర్గ మన వర్ణమాలలోది, కంప్యూటర్లు అక్షరాల్ని గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాల మధ్యే దానికి చోటుంది. కోలన్ విరామ చిహ్నం. సరైన అక్షరాలతో పేజీలో వెతికితే కోలన్ పెట్టిన మాట దొరకదు. దుఃఖం, అంతఃపురం, ప్రాతఃకాలం అన్నీ ఈ రెండు చుక్కల పాలబడ్డవే. విసర్గ నా కీబోర్డులో వేళ్లకి అందేచోటే ఉంది, మామూలుగా వాడే తెలుగు కీబోర్డుల్లోనూ ఉంటుంది.

"ల్యాబ్‌లో" అన్నది కాపీ చేసి అతికించేసరికి "ల్యాబ్లో" అయింది, లకారం బకారం కింద వత్తుగా దూరిపోయింది. ఆ రెంటినీ విడిగా ఉంచేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం. కనపడదు కాబట్టి పోయినా తెలియదు. పేజీ అంతా మళ్లీ వెతికి పెట్టుకొచ్చాను. రిపోర్ట్‌లు, స్కాన్‌లు, హైదరాబాద్‌లో.

ఆశ్చర్యార్థకాల విషయంలో మాత్రం కోపం వచ్చిందని రాసుకోక తప్పదు. రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ గురించిన పెట్టెలో "భయపడకండి!!! వెంటనే సంప్రదించండి!!!" అని ఉంది. ఆ మాట చదివే ఆవిడ అప్పటికే చేతికి ఏదో గడ్డ తగిలి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఫోన్ తీసి ఉండొచ్చు. ఆమెతో అరిచి మాట్లాడతామా? "భయపడకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఆలస్యం చేయకుండా వచ్చి చూపించుకోండి." చుక్కలు చాలు. మార్కెటింగ్ వాళ్లు ఒప్పుకోకపోతే ఈ ఒక్కదాని కోసం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

ఆరింటికి ఫైలు పంపేశాను. రేపటిది కడుపు స్కానింగ్ పేజీ. ఇప్పుడే ఒకసారి తెరిచి చూశాను. "ఏమీ తినకుండా నీళ్లు తాగి మూత్రానికి వెళ్లకుండా రావాలి" అని ఉంది. దీనికి వాక్యం విరవక్కర్లేదు, "తినకుండా" దగ్గర ఒక కామా, "తాగి" దగ్గర ఒక కామా పెడితే సరిపోతుంది. నీళ్లు ఎన్ని గ్లాసులో, ఎంత ముందుగా తాగాలో మాత్రం రాయలేదు. అది పొద్దున్నే అడగాలి.