తెలుగు నొక్కితే తెలుగే పలకాలి

కాల్ సెంటర్‌కు వచ్చిన కాల్‌ను ఏ ఏజెంట్‌కు పంపాలో తేల్చడానికి రెండు విషయాలు చూడాలి: కస్టమర్ భాష, ఆయనకు కావాల్సిన పని. చాలాచోట్ల ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అన్నీ 'స్కిల్' అంటారు. బిల్లింగ్ అంతగా తెలియని ఏజెంట్ కస్టమర్‌ను హోల్డ్‌లో పెట్టి, పక్కవాళ్లను అడిగి పని గట్టెక్కిస్తాడు. తమిళం రాని ఏజెంట్‌కు ఆ దారి లేదు. అందుకని పని నైపుణ్యం విషయంలో కస్టమర్ వేచి ఉన్నకొద్దీ పట్టు సడలించవచ్చు. భాష విషయంలో కస్టమర్‌ను అడగకుండా సడలించకూడదు.

అలాగని భాషకో క్యూ పెట్టి, మధ్యలో గోడలు కట్టేస్తే మనుషులు ఎక్కువ కావాలి. హైదరాబాద్‌లో తెలుగు, హిందీ, తమిళం చూసే ఒక సెంటర్ అనుకుందాం. ఒక్కో భాషలో అరగంటకు 30 కాల్స్, కాల్‌కు 5 నిమిషాలు. నూటికి 80 కాల్స్ 20 సెకన్లలోపు ఎత్తాలి. ఎన్ని కాల్స్‌కు ఎంతమంది కావాలో చెప్పే ఎర్లాంగ్-సి సూత్రంతో లెక్కేస్తే ఏడుగురితో 72 శాతమే అందుతుంది, ఎనిమిది మందితో 86. అంటే మూడు క్యూలకు 24 మంది. అందరికీ మూడు భాషలూ వస్తే 19 మందితోనే 81 శాతం దాటుతుంది. విసిగి ఫోన్ పెట్టేసేవాళ్లను ఈ సూత్రం లెక్కలోకి తీసుకోదు కాబట్టి అసలు అంకెలు కొంచెం మారతాయి, తేడా మాత్రం నిజం.

మూడు భాషలూ వచ్చినవాళ్లు దొరకడం కష్టం, అవసరం కూడా లేదు. ఒక్కొక్కరికి రెండేసి భాషలు వచ్చి, తెలుగు-హిందీ, హిందీ-తమిళం, తమిళం-తెలుగు అని గొలుసులా కలిస్తే ఆ లాభంలో ఎక్కువ భాగం చేతికొస్తుంది. తెలుగు-హిందీ వాళ్లు హైదరాబాద్‌లో కొల్లలు. తమిళం-తెలుగు కావాలంటే చిత్తూరు వైపు, కన్నడం-తెలుగు కావాలంటే హిందూపురం వైపు వెతకండి.

ఇక భాష వచ్చా రాదా అన్నది బయోడేటా చూసి నమ్మొద్దు. పది నిమిషాలు ఫోన్‌లోనే పరీక్ష పెట్టండి, ఎదురుగా కూర్చోబెట్టి కాదు. మాటలు దొర్లించేవాళ్లు కూడా అంకెల దగ్గర దొరికిపోతారు. హిందీ వచ్చన్న ఏజెంట్‌కు 'ఢాయీ హజార్' అంటే 2,500 అనీ, 'సవా సౌ' అంటే 125 అనీ, 'పౌనే దో సౌ' అంటే 175 అనీ తట్టాలి. 'ఉన్‌సఠ్' 59, 'ఉన్‌హత్తర్' 69. వీటిని తారుమారు చేస్తే రీఫండ్ తప్పుతుంది. 'కల్' అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు, తేదీ అడిగి రాసుకోవాలి. తెలుగులో కూడా 'నూట పాతిక', 'ముప్పావు' తడుముకోకుండా అర్థమవ్వాలి. నా మాటగా చెప్పాలంటే, ఈ అంకెల పరీక్ష తప్పినవాళ్లను డబ్బు లావాదేవీల కాల్స్‌లో పెట్టనే కూడదు.

ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో సెంటర్ నడిపేవాళ్లకు దీన్ని అమర్చే పద్ధతి ఇది. తెలుగు క్యూలో తెలుగు వచ్చినవాళ్లే సభ్యులుగా ఉండాలి. ఒక్కొక్కరికి పెనాల్టీ అనే అంకె ఇవ్వాలి, అది తక్కువ ఉన్నవాళ్లకే కాల్ ముందు వెళ్తుంది. పనిలో ఆరితేరినవాళ్లకు పెనాల్టీ 1, మధ్యరకానికి 2, కొత్తవాళ్లకు 3. కాల్ ఏ పెనాల్టీ వరకు వెళ్లొచ్చో చెప్పే గరిష్ఠ పెనాల్టీని 1తో మొదలుపెట్టి, క్యూ రూల్స్‌లో 20వ సెకన్‌కు ఒకటి, 45వ సెకన్‌కు మరొకటి పెంచండి. ఈ గరిష్ఠం పెట్టడం మరిచిపోతే పెనాల్టీ 1 వాళ్లు బిజీగా ఉన్న మరుక్షణమే కాల్ మధ్యరకం వాళ్లకు, వాళ్లూ బిజీ అయితే కొత్తవాళ్లకు పోతుంది. నిమిషంన్నర దాటినా ఎవరూ దొరక్కపోతే, కస్టమర్ భాషలోనే రికార్డు చేసిన గొంతుతో 'హిందీలో మాట్లాడతారా, మేమే తిరిగి ఫోన్ చేయాలా' అని అడగండి.

రెండు క్యూల్లో ఉన్న ఏజెంట్లతో ఒక చిక్కుంది. కాల్ ముగిశాక ఇచ్చే విరామం, అంటే ర్యాప్‌అప్ టైమ్, 30 సెకన్లు పెట్టినా, తెలుగు కాల్ ముగియగానే హిందీ క్యూ నుంచి ఫోన్ మోగుతుంది. షేర్డ్ లాస్ట్‌కాల్ సెట్టింగ్‌ను 'యెస్' చేస్తేనే ఆ విరామం అన్ని క్యూలకూ వర్తిస్తుంది. ఏ క్యూకు ముందు ప్రాధాన్యమో చెప్పే క్యూ వెయిట్‌తో కూడా జాగ్రత్త. హిందీకి ఎక్కువ వెయిట్ ఇస్తే, రద్దీ వేళ ఉమ్మడి ఏజెంట్లంతా అటే పోతారు, తమిళ కస్టమర్ ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఫోన్ నంబర్ ఏ టెలికాం సర్కిల్‌దో (ఏ రాష్ట్రానిదో) బట్టి భాష ఊహించొద్దు. 2015 జులై నుంచి దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ ఉంది, అంటే రాష్ట్రం మారినా పాత నంబరే ఉంచుకోవచ్చు. పైగా బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో తెలుగువాళ్లు ఎందరో. మొదటిసారి అడిగి, ఆ ఎంపికను కస్టమర్ రికార్డులో దాచండి. ట్రాన్స్‌ఫర్ చేసినప్పుడు ఆ భాష కాల్‌తో పాటే వెళ్లాలి. లేకపోతే తెలుగు నొక్కిన పెద్దావిడ బిల్లింగ్ నుంచి టెక్నికల్‌కు మారగానే ఇంగ్లిష్ వింటుంది.

చివరగా రిపోర్టులు. మొత్తం సెంటర్ సగటు 82 శాతం కనిపిస్తున్నా తమిళం 50లో ఉండొచ్చు, కాబట్టి భాషవారీగా, అరగంటవారీగా చూడండి. రెండు భాషల ఏజెంట్లు ఎంతసేపు కాల్‌లోనే ఉంటున్నారో విడిగా చూడండి. రెండు క్యూల భారమూ వాళ్ల మీదే పడుతుంది. వాళ్లకు భాషా అలవెన్స్ ఇవ్వాలి, రోస్టర్‌లో అదనపు బ్రేక్ రాయాలి. అలాంటివాళ్లు ఒకే షిఫ్ట్‌లో ఇద్దరు సెలవు పెడితే గొలుసు తెగుతుంది, ఆ సెలవులను విడిగా ఆమోదించండి.