గ్రేట్ బారియర్ దీవి కంకర దారుల్లో

న్యూజిలాండ్‌లోని గ్రేట్ బారియర్ దీవికి వెళ్లేవాళ్లలో చాలామంది రాత్రి ఆకాశం కోసం వెళ్తారు. అక్కడ కరెంటు గ్రిడ్ లేదు, వీధి దీపాలు లేవు. 2017లో డార్క్ స్కై శాంక్చురీగా, అంటే రాత్రి చీకటిని కాపాడే చోటుగా, గుర్తింపు కూడా వచ్చింది. నేనూ నక్షత్రాలు చూశాను. కానీ రోడ్ల పనిలో ఉన్నవాణ్ణి కావడంతో పగలంతా నా దృష్టి కంకర దారుల మీదే ఉంది. రాయాలనిపించింది కూడా వాటి గురించే.

ఆక్లండ్‌కు ఈశాన్యంగా దాదాపు 90 కిలోమీటర్లు. చిన్న విమానంలో అరగంట, బండ్లు ఎక్కించే ఫెర్రీలో అయితే నాలుగున్నర గంటలు. జనాభా వెయ్యికి కాస్త అటూ ఇటూ. దక్షిణాన ట్రిఫీనా, మధ్యలో విమానాలు దిగే క్లారిస్, ఉత్తరాన పోర్ట్ ఫిట్జ్‌రాయ్. ప్రధాన దారిలో చాలాచోట్ల తారు ఉంది. పక్కకు తిరిగితే మాత్రం ఎక్కువగా కంకరే. అద్దె కారు తాళాలు ఇస్తూ ఆవిడ చెప్పింది ఒక్కటే: "మలుపుల దగ్గర మెల్లగా వెళ్లండి, బ్రేకు గట్టిగా తొక్కకండి."

ఎందుకన్నదో మొదటి కొండ మలుపులోనే తెలిసింది. రోడ్డు అడ్డంగా అలలు తేలి ఉంది. కారు దడదడలాడిపోయింది. ఈ అలలు ఎక్కువగా బండ్లు బ్రేకు వేసేచోట, వేగం పెంచేచోట పుడతాయి. రాళ్లను పట్టి ఉంచే సన్నమట్టి దుమ్మై ఎగిరిపోతే కంకర వదులవుతుంది. దాన్ని చక్రాలు తన్ని వరసలుగా పోస్తాయి. పైపైన గీకి చదును చేస్తే కొన్నాళ్లకే మళ్లీ అక్కడే తేలతాయి. అడుగుదాకా తవ్వి, కలిపి, తడి ఉండగానే పరిచి రోలర్‌తో తొక్కించాలి.

సరిగ్గా ఆ పనే చేస్తున్న గ్రేడర్, అంటే పొడవాటి బ్లేడుతో రోడ్డు చదును చేసే యంత్రం, ఒకచోట ఎదురైంది. దారి ఇవ్వడానికి ఆగిన ఆపరేటర్‌తో మాట కలిపాను. ముందురోజు వాన పడిందని, దాని కోసమే ఇన్నాళ్లూ చూశానని చెప్పాడు. ఎండలో గ్రేడింగ్ చేస్తే దుమ్ము లేవడం తప్ప ఏం మిగలదట. కిందికి దిగి గుప్పెడు కంకర తీసి చూపించాడు. పెద్ద రాయి, చిన్న రాయి, ఇసుక, వేళ్లకు అంటుకునే కాస్త బంకమట్టి. పిడికిలి బిగించి వదిలితే ముద్ద విడిపోలేదు. ఆ బంకమట్టి ఎక్కువైతే వానలో జారుడు, తక్కువైతే ఎండలో దుమ్ము. రోడ్డు బాగోగులన్నీ ఆ గుప్పెట్లోనే ఉన్నాయి.

ఇంకా ముఖ్యమైనది వాలు. కంకర రోడ్డు తాబేలు వీపులా మధ్యలో ఎత్తుగా ఉండాలి. తారు రోడ్డుకు మీటరుకు 3 సెంటీమీటర్ల వాలు చాలు, దీనికి 5 దాకా కావాలి. అప్పుడే నీళ్లు నిలవకుండా పక్క కాలువలోకి, అక్కణ్ణుంచి తూముల్లోకి పోతాయి. 2014 జూన్‌లో వచ్చిన తుపాను వాన ఈ దీవిని గట్టిగా దెబ్బతీసింది. ఇంత ఏటవాలు కొండల మీద తూము పూడిపోతే రోడ్డే కాలువైపోతుంది.

దుమ్ము ఇక్కడ కళ్లలో పడి ఊరుకోదు. ఇంటి కప్పు మీద పడ్డ వాననీళ్లే ట్యాంకుల్లోకి పట్టి తాగుతారు. రోడ్డు దుమ్ము కప్పు మీద పేరుకుంటే తర్వాతి వానకు ట్యాంకులోకే చేరుతుంది. అది చూశాక, ఇళ్ల ముందు రోడ్డుకు తారు అడిగేవాళ్లది సౌఖ్యం కోసం కోరిక అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అలాగని దీవి అంతా తారు పోయమనడం కూడా సరికాదు. తారు, యంత్రాలు సముద్రం దాటి రావాలి. మట్టితో, కంకరతో పాటు దీవికి పనికిరాని జీవులు కూడా వస్తాయన్న భయం ఉంది. 2013లో ట్రిఫీనాలో ప్లేగ్ స్కింక్ అనే చిన్న బల్లిజాతి బయటపడింది. రోడ్డు నున్నగా అయితే వేగం పెరుగుతుంది. ఉత్తరాన ఒకివి వైపు అరుదైన పాటెకె బాతులు రోడ్డు దాటుతుంటాయి. నా లెక్కలో ముందు కాలువలు, తూములు. తర్వాత ఏటవాలు ఎక్కుళ్లకు, ఇళ్ల ముందుకు తారు. మిగతాదంతా మంచి కంకర రోడ్డుగానే ఉండనివ్వాలి.

తిరుగు ప్రయాణంలో మళ్లీ వాన. కొత్తగా చదును చేసిన చోట కూడా ఒక ఇంటి ముందు నీళ్లు చక్రాల జాడలో పారుతున్నాయి. చూస్తే, గ్రేడర్ బ్లేడు అంచున జానెడు ఎత్తు మట్టిగట్టు మిగిలిపోయింది. ఇంటాయన పార తెచ్చి ఆ గట్టుకు రెండుచోట్ల గండి కొట్టాడు. కాసేపట్లో నీళ్లు పక్క కాలువకు మళ్లాయి. గ్రేడింగ్ అయిన ప్రతిసారీ పనివాళ్ల చేతే ఈ గండ్లు కొట్టించాలి. దానికి బార్జి మీద తేవాల్సింది ఏమీ లేదు.