ముక్కూమొహం తెలియనివాళ్ళతో సరదాగా ఒక్క మాట

బయటికి వెళ్ళి చేసుకొచ్చే పనుల్లో సగం టైము ఎదురుచూపుకే పోతుంది. టోకెన్ పట్టుకుని కూర్చోవాలి, బిల్లు కోసం నిలబడాలి, లిఫ్ట్ తలుపు వైపు చూస్తూ ఉండాలి. ఫోన్లో అయితే హోల్డ్‌లో పెట్టి పాట వినిపిస్తారు. ఆ కాసేపూ పక్కన ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. వాళ్ళతో ఒక సరదా మాట కలిస్తే క్యూ పొడవు తగ్గదు గానీ చిరాకు మాత్రం కచ్చితంగా తగ్గుతుంది. దీనికి పుట్టుకతో వచ్చిన చతురత అక్కర్లేదు. ఎప్పుడు అనాలో, దేని మీద అనాలో తెలిస్తే చాలు. ఎక్కడ ఆపాలో తెలియడం అంతకన్నా ముఖ్యం.

జనం జోకులకే నవ్వుతారనుకుంటాం గానీ అది నిజం కాదు. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, ఆయన విద్యార్థులు కలిసి షాపింగ్ మాల్స్‌లోనూ కాలిబాటల మీదా జనం మాట్లాడుకుంటుంటే విని, 1,200 నవ్వులను రాసిపెట్టుకున్నారు. వాటిలో జోకు అనదగ్గ మాట వెంట వచ్చినవి 20 శాతం లోపే. మిగతావన్నీ ‘సరే, నేనిక వెళ్ళొస్తా’ లాంటి మామూలు మాటల వెంట వచ్చాయి. పైగా వినేవాళ్ళకన్నా మాట్లాడేవాళ్ళే ఎక్కువ నవ్వారు. అందుకని ఇంటి దగ్గరే జోకు తయారుచేసుకుని వెళ్ళాల్సిన పని లేదు. కంఠతా పట్టిన జోకు తెలియనివాళ్ళ దగ్గర తరచు బెడిసికొడుతుంది. దానికోసం వాళ్ళు చేస్తున్న పని ఆపాలి, మొత్తం వినాలి, అర్థమైనా కాకపోయినా నవ్వాలి. ఇద్దరికీ కళ్ళముందున్న సంగతినే కాస్త కొంటెగా అంటే ఈ బరువేదీ ఉండదు.

మీ వరుస కదలడం లేదు, పక్క వరుస చకచకా సాగిపోతోంది. వెనకున్నాయన గట్టిగా నిట్టూర్చారు. అప్పుడు కొంచెం తల తిప్పి, ‘నేను ఏ లైన్లో నిలబడితే ఆ లైన్ ఆగిపోతుందండీ, మీరు తప్పు మనిషి వెనక నిలబడ్డారు’ అంటే చాలు. ఈ ఒక్క మాట ఎందుకు పనిచేస్తుందో విప్పి చూసుకుంటే మిగతావి ఎవరికివారే కట్టుకోవచ్చు. ఇద్దరినీ విసిగిస్తున్న విషయాన్నే ఎత్తుకుంది కాబట్టి ముందూ వెనకా వివరించాల్సిన అవసరం లేదు. తప్పు అన్న మనిషి తన నెత్తినే వేసుకున్నాడు తప్ప కౌంటర్లో కూర్చున్న మనిషి మీదికి తోయలేదు. అందులో ప్రశ్న లేదు, కాబట్టి మాట్లాడాలని లేకపోతే ఆయన తలూపి ఊరుకోవచ్చు. చెప్పడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. (లెక్క ప్రకారం చూస్తే ఇందులో మన దురదృష్టమేమీ లేదు. మూడు వరుసలూ ఒకేలా ఉన్నా, మనదే అన్నిటికన్నా ముందు సాగే అవకాశం మూడింట ఒక వంతే. సగటున మూడుసార్లలో రెండుసార్లు పక్కవాటిలో ఏదో ఒకటి మనల్ని దాటిపోతుంది. ఆయన మాట కలిపితే ఈ లెక్క కూడా చెప్పొచ్చు.)

అదే మాట ఇంకొకరి దగ్గర చేదుగా తగలొచ్చు. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో దీనికొక మంచి వివరణ ఇచ్చారు. ఏదో తేడాగా ఉందనిపించాలి, దానివల్ల ముప్పేమీ లేదని కూడా అదే క్షణంలో అనిపించాలి, అప్పుడే నవ్వొస్తుంది. క్యూలో తప్పిపోయేది ఈ రెండోదే. పది నిమిషాల్లో రైలున్న మనిషికీ, మందుల చీటీ పట్టుకుని నిలబడలేక నిలబడ్డ మనిషికీ ఆగిపోయిన వరుస నిజంగానే ముప్పు. అందుకని నోరు తెరవకముందు ఒక్క క్షణం మొహమూ చేతులూ చూడాలి. మాటిమాటికీ టైము చూసుకుంటున్నా, చేతిలో కాగితం నలిపేస్తున్నా, గొంతు తగ్గించి ఫోన్లో ఎవరికో సర్దిచెబుతున్నా అక్కడ సరదా వద్దు. ‘మీకు తొందరైతే ముందు వెళ్ళండి’ అనండి. అంతకు మించిన మాట ఆ సమయంలో లేదు.

కౌంటర్ దగ్గర అన్నిటికన్నా ముఖ్యం అదను. అవతల కూర్చున్న మనిషి చేసే పనిలో కొంత లెక్క మనసులో పెట్టుకుని చేసేది, కొంత యంత్రం కోసం ఆగేది. నోట్లు లెక్కపెడుతున్నప్పుడు, ఖాతా నంబరు కొడుతున్నప్పుడు, మందు ఎన్ని పూటలు వేసుకోవాలో రాస్తున్నప్పుడు, చిల్లర ఏరుతున్నప్పుడు పెదవి కదపకూడదు. మధ్యలో మాట పడితే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టాలి, మీ వెనకవాళ్ళందరికీ ఆలస్యం. మందుల దగ్గరైతే ఆలస్యంతో పోకపోవచ్చు కూడా. కార్డు మిషన్ తెర మీద చుక్కలు తిరుగుతున్నప్పుడు, ప్రింటర్ నుంచి బిల్లు వస్తున్నప్పుడు, ‘సర్వర్ స్లోగా ఉందండీ’ అంటూ వాళ్ళే తలెత్తినప్పుడు దొరుకుతుంది అసలైన సందు. మహా అయితే ఐదారు సెకన్లు. ‘పాపం, దానికీ సోమవారమే కదండీ’ అనడానికి అది సరిపోతుంది. ఒక ఊపిరిలో పూర్తికాని మాట కౌంటర్ దగ్గర పొడవైపోయినట్టే లెక్క.

ఆ సందు రాకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వంతు రాగానే ఇయర్‌ఫోన్లు తీసేయాలి, ఫోన్ లోపల పెట్టాలి, నమస్కారమో పలకరింపో అయ్యాక వచ్చిన పని ఒక్క వాక్యంలో చెప్పాలి, కార్డూ కాగితాలూ చేతిలో సిద్ధంగా ఉంచుకోవాలి. సంచి అడుగున కార్డు వెతుక్కుంటూ ఎంత మంచి మాటన్నా అవతలివాళ్ళకు సంచి మాత్రమే కనిపిస్తుంది. మాట అనేశాక నవ్వారా లేదా అని మొహంలోకి చూస్తూ నిలబడకండి. చూపు మీ సామాను మీదికి తిప్పేసుకోండి. నవ్వాలన్న ఒత్తిడి లేకపోతేనే నవ్వు తేలిగ్గా వస్తుంది. వాళ్ళ ఛాతీ మీద బ్యాడ్జీ చదివి పేరు పెట్టి పిలవడం నాకు నచ్చదు. ఆ పేరు వాళ్ళు మీకు చెప్పింది కాదు, ఉద్యోగం కోసం తగిలించుకున్నది. అలాగే సరదా మాట కదా అని ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి జారకూడదు. మాట తేలికైనప్పుడే మర్యాద ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి.

కొన్ని మాటలు పూర్తిగా అరిగిపోయాయి. బార్‌కోడ్ స్కాన్ కాకపోతే ‘అయితే ఫ్రీయేనా?’ అనడం, నోటు వెలుతురులో పెట్టి చూస్తుంటే ‘పొద్దున్నే అచ్చేశాను’ అనడం, గుర్తింపు కార్డు అడిగితే ‘ఫోటోలో ఉన్నది నేనేనండీ, నమ్మండి’ అనడం. బిల్లింగ్‌లో పనిచేసేవాళ్ళు వీటిని పదేపదే వింటారు, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వాల్సి వస్తుంది. స్కాన్ కాని వస్తువు మీదే ఏదైనా అనాలనిపిస్తే ‘నాతో రావడం దానికి ఇష్టం లేనట్టుంది’ అనొచ్చు. కనీసం కొత్తగా ఉంటుంది, బేరమాడినట్టు ఉండదు. విమానాశ్రయం తనిఖీలో బాంబు అన్న మాట, సరిహద్దు దగ్గర దొంగసరుకు మాట, బ్యాంకులో దొంగనోట్లు, దొంగ సంతకాల మాట ఏ రూపంలోనూ రానివ్వకండి. అక్కడివాళ్ళు ఆ మాట వింటే నవ్వి వదిలేసే వీలు వాళ్ళకు ఉండదు. ‘ఊరికే అన్నాను’ అంటే వినరు, ప్రయాణం ఆగిపోవచ్చు, కేసు కూడా కావచ్చు.

ఇక్కడ ఒక సంగతి మీద నాకు పట్టుదల ఉంది. కౌంటర్లో ఉన్నవాళ్ళు మీ మాట నచ్చకపోయినా లేచి వెళ్ళిపోలేరు. నవ్వుతూ ఉండటం కూడా జీతంలో భాగమయ్యే ఉద్యోగాల గురించి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే వివరంగా రాశారు. అది కనిపించని శ్రమ, దాన్ని మనం ఇంకా పెంచకూడదు. నవ్వు మనసులోంచి వచ్చిందో ఉద్యోగం కోసం వచ్చిందో మొహంలో కొంత తెలుస్తుంది. పెదవులు మాత్రమే సాగితే అది మర్యాద, కళ్ళ చివర కూడా ముడతలు పడితే సంతోషం. ఈ తేడాను ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే గుర్తించారు. అయితే కళ్ళను బట్టి తీర్పు ఇచ్చేయడం కన్నా తేలికైన పరీక్ష ఒకటుంది. వాళ్ళు తమవైపు నుంచి ఏమైనా కలిపారా? ‘సోమవారమే కాదండీ, దానికి వారమంతా ఇంతే’ అన్నారంటే వాళ్ళకూ సరదాగా ఉందన్నమాట, ఇంకొకటి అనొచ్చు. ఊరికే నవ్వి ఊరుకుంటే థాంక్స్ చెప్పి కదలాలి. వెనక నలుగురుంటే కలిపినా సరే, ఒక్కదానితో ఆపాలి.

దేని మీద అనాలన్నదానికి నేను పాటించేది తేలికైన గీటు: ఎదుటివాళ్ళ ఒంటికీ, సంచిలో ఉన్నవాటికీ దూరంగా ఉండాలి. లావూ సన్నం, వయసు, రంగు, యాస, జుట్టు, ఎవరితో వచ్చారు, ఏం కొన్నారు, ఏ డాక్టరు దగ్గరికొచ్చారు, ఇవేవీ మన సరదాకు సరుకు కావు. వాతావరణం, లిఫ్ట్, వరుస, తలుపు మీద ‘లాగండి’ అని రాసున్నా తోసేసే మన చేయి, ఇవి ఎవరి సొత్తూ కాదు. వెలిగి ఉన్న లిఫ్ట్ బటన్‌నే ఎవరైనా మళ్ళీ నొక్కితే ‘రెండోసారి నొక్కితే త్వరగా వస్తుందని నేనూ నమ్ముతానండీ’ అనొచ్చు. వాళ్ళ పని మీద అన్నమాటే అయినా అన్నవాళ్ళు కూడా అందులో చేరారు కాబట్టి గుచ్చుకోదు. మాట ఒకటే అయినా మనిషిని బట్టి అర్థం మారిపోవచ్చు. టోకెన్ బోర్డు చూస్తూ ‘మన నంబర్లు వచ్చేసరికి చుట్టాలమైపోతామేమోనండీ’ అని ఒక పెద్దాయనతో అంటే ఆయన ఊరూపేరూ అడుగుతారు. ఒంటరిగా కూర్చున్న ఒక అమ్మాయితో ఒక మగవాడు అదే అంటే అది వేరే మాటగా వినిపిస్తుంది, ఆమె తప్పేమీ లేదు. అలాంటప్పుడు మాట ఆమెను ఉద్దేశించకుండా బోర్డును ఉద్దేశించి, అందరికీ వినపడేలా అంటే సరిపోతుంది. చిన్నపిల్లలైతే ముందు తల్లిదండ్రుల వైపు చూడాలి, వాళ్ళు నవ్వితేనే పిల్లల చేతిలో ఉన్న బొమ్మను పలకరించాలి. వినికిడి తగ్గినవాళ్ళతో గోల మధ్యలో అనకండి. మూడుసార్లు ‘ఏంటీ?’ అనిపించుకున్న సరదా మాట వాళ్ళకే ఇబ్బంది.

ఫోన్లో మొహం కనిపించదు కాబట్టి నవ్వు గొంతులో వినపడాలి. కస్టమర్ కేర్‌లో ఒక్కో కాల్ ఎంతసేపు పట్టిందో చాలాచోట్ల లెక్కిస్తారు, కాల్ రికార్డు కూడా అవుతుంది. అందుకని మాట వాళ్ళ టైము తినకూడదు. ‘వివరాలు లోడ్ అవుతున్నాయి, లైన్లో ఉండండి’ అన్నాక వచ్చే నిశ్శబ్దం మీది. ‘ఆ హోల్డ్ పాట నాకు నోటికొచ్చేసిందండీ’ అనేది అప్పుడే. చాట్‌లోనూ ఈమెయిల్లోనూ వెటకారం అస్సలు వద్దు. తాము రాసిన వెటకారం చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుందని రాసేవాళ్ళు అనుకుంటారు గానీ అంతగా తెలియదని జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో చూపించింది. ఫిర్యాదు ఉంటే ముందు దాన్ని సూటిగా చెప్పి, పని మొదలయ్యాకే సరదా. ‘భలే త్వరగా చేశారండీ’ అని మొదలుపెడితే అవతలివాళ్ళు మీ సమస్య వినడం మానేసి తమను కాచుకోవడం మొదలుపెడతారు.

మాట పేలకపోతే ఏం చేయాలి? ప్రశ్నకు జవాబు మొదలవడానికి జనం తీసుకునే విరామాన్ని 2009లో 10 భాషల్లో కొలిచారు. సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, సెకనులో ఐదో వంతు. కాబట్టి నిండు సెకను గడిచినా ఏమీ రాకపోతే మాట వినపడలేదనో, నచ్చలేదనో అనుకోవచ్చు. రెండింటికీ చేయాల్సింది ఒకటే, పనిలోకి వెళ్ళిపోవడం. గొంతు పెంచి మళ్ళీ అనడం, ‘జోక్ అండీ’ అని వివరించడం, ‘ఏంటీ, అంత సీరియస్‌గా ఉన్నారు’ అని తిరిగి వాళ్ళనే అనడం ఈ మూడూ చెడగొట్టేవే, మూడోది మరీను. నొచ్చుకున్నారని తెలిస్తే ‘క్షమించండి, అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒక్కసారి చెప్పాలి.

ఇన్ని జాగ్రత్తలు చదివి భయపడాల్సిన పనేమీ లేదు. నిజానికి మన భయమే పెద్దది. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, షికాగో రైళ్ళలో రోజూ తిరిగేవాళ్ళు పక్కవాళ్ళతో మాట్లాడితే ప్రయాణం బాగుండదని ముందు ఊహించారు, తీరా మాట్లాడినవాళ్ళకు ఊరికే కూర్చున్నవాళ్ళకన్నా బాగుంది. మాట్లాడాక ‘నేను వాళ్ళకు నచ్చి ఉండను’ అనుకోవడం కూడా మామూలే. ఎరికా బూత్‌బీ, గిలియన్ శాండ్‌స్ట్రామ్ తదితరులు 2018లో చూపించిందేమిటంటే, మనం అనుకునేదానికన్నా ఎక్కువగానే నచ్చి ఉంటాం. మొహమాటం ఉన్నవాళ్ళు లిఫ్ట్‌తో మొదలుపెట్టడం మంచిది. నచ్చకపోయినా అర నిమిషంలో తలుపు తెరుచుకుంటుంది.

తరచు వెళ్ళేచోట ఇంకో తరహా సరదా పెరుగుతుంది. పోయినసారి అన్నదాన్ని ఈసారి గుర్తుచేయడంలో కొత్త మాటలో లేని ఆత్మీయత ఉంటుంది. అయితే మీరన్నది కాకుండా వాళ్ళన్నది గుర్తుపెట్టుకోండి. ‘వారమంతా ఇంతే అన్నారుగా, ఇవాళ శుక్రవారం, ఏమైనా మారిందా?’ అంటే, మీరు విన్నారన్న సంగతి వాళ్ళకు అర్థమవుతుంది. మీ మాటే మీరు మళ్ళీమళ్ళీ అంటే రెండోసారి బాగానే ఉంటుంది, నాలుగోసారికి మీరు తలుపు దగ్గర కనపడగానే వాళ్ళు నవ్వు సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది.

ఎదుటివాళ్ళే ముందు అంటే? క్యూలో పక్కాయనో, చేతిలో పార్సెలుతో మెట్లెక్కి వచ్చిన డెలివరీ కుర్రాడో ఒక మాట విసిరితే దాన్ని అందుకోవడమే మన పని. అరిగిపోయినదైనా సరే, ముందు అనడానికి వాళ్ళు కొంచెం ధైర్యం చేశారు. దానికన్నా పెద్ద జోకు వేయాలని చూడకండి, వాళ్ళ మాటకే ఒక అర వాక్యం తగిలించండి, చివరి మాట వాళ్ళకే వదిలేయండి. ఏమీ తోచకపోతే ‘భలే అన్నారండీ’ అనండి, ఆ సెకను దాటకముందే.