చదివేసింది, కథ మాత్రం తెలీదు

సాయంత్రాలు మా కాలనీ పిల్లలతో కథలు చదివిస్తున్నాం. ఒక పాప పేజీ మొత్తం గడగడా చదివేసింది. "కథలో ఏం జరిగింది?" అంటే బిక్కమొహం వేసింది.

1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పింది ఇదే. చదవడమంటే అక్షరాలను పలకడం, భాషను అర్థం చేసుకోవడం, ఈ రెండింటి గుణకారం. ఒకటి సున్నా అయితే ఫలితమూ సున్నాయే. మొదటిది బడిలో నేర్పుతారు. రెండోది కబుర్లలోంచి, కథల్లోంచి వస్తుంది. దానికి టీచరే అక్కర్లేదు. చదువురాని అమ్మమ్మ కూడా ఇంటి భాషలో కథ చెప్పి, "తర్వాత ఏమవుతుందంటావ్?" అని అడగొచ్చు.

పుస్తకాలు మాత్రం బీరువాలో దాచకండి (చిరిగితే చిరగనీ!). అడిగిన కథే మళ్లీ అడుగుతారు, విసుక్కోకుండా చదవండి. కొత్త మాటలు అలాగే గుర్తుండిపోతాయి.