లాటరీ తగలక చెక్ జట్టు వెనక పడ్డాను

మేముండేది టోక్యోలో. ఇక్కడ జపాన్ జాతీయ జట్టు ఆడే బేస్‌బాల్ మ్యాచ్ చూడాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. ముందు దరఖాస్తు పెట్టాలి, తర్వాత లాటరీ తీస్తారు, పేరు తగిలితే గడువులోగా డబ్బు కట్టాలి. తగలకపోతే మళ్లీ ఇంకో విడత లాటరీ. అదీ తగలకపోతే మిగిలినవి మామూలు అమ్మకానికి పెట్టే రోజు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. సంక్రాంతికి తాడేపల్లిగూడెం వెళ్లే రైలుకి తత్కాల్ కొట్టిన చేతులు నావి, ఇదో లెక్కా అనుకున్నా.

2023 మార్చిలో దేశాల జట్ల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మొదటి రౌండు ఒక గ్రూపుని టోక్యో డోమ్ స్టేడియంలో పెట్టారు. జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, చైనా, చెక్ రిపబ్లిక్ - ఐదు జట్లు, అందులో రెండే పైకి వెళ్తాయి. అమెరికాలో ఆడే షోహే ఒతానీ సొంత దేశం తరఫున ఆడటానికి వస్తున్నాడు. బంతీ వాడే వేస్తాడు, బ్యాటూ వాడే పడతాడు. ఇంక టికెట్లకి ఎంత గిరాకీ ఉంటుందో చెప్పక్కర్లేదు.

దరఖాస్తు ఫారం దగ్గరే నాకు చెమటలు పట్టాయి. పేరు కటకానాలో, అంటే విదేశీ పేర్లకి వాడే జపాన్ లిపిలో రాయాలి. మా ఇంటిపేరు, నా పేరు, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో చేరిన మా ఆయన పేరు అన్నీ కలిపితే ఆ గడిలో పట్టవు. కుదించి రాస్తే తర్వాత గుర్తింపు కార్డుతో సరిపోల్చి చూస్తారేమోనని భయం. చివరికి ఆఫీసులో నా పక్క సీటాయన దగ్గరుండి రాయించారు. ఆయన చిన్నప్పుడు స్కూలు జట్టులో క్యాచర్, అంటే మన వికెట్ కీపర్‌లాగ. మామూలుగా రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడరు గానీ బేస్‌బాల్ అంటే మటుకు నోరు కట్టేసుకోలేరు.

ఫలితాల మెయిల్ చాలా మర్యాదగా ఉంటుంది. ఎంతో వినయంగా, క్షమించమంటూ, మీకు తగల్లేదని చెబుతుంది. కొరియాతో మ్యాచ్‌కి అదే మెయిల్, చెక్‌తో మ్యాచ్‌కి అదే, ఆస్ట్రేలియాతోనూ అదే. రెండో విడతలోనూ ఒక్క అక్షరం మారలేదు.

"పగటి మ్యాచ్‌లు చూడండి," అన్నారు పక్క సీటాయన. "జపాన్‌వి రాత్రి ఏడింటికి. మధ్యాహ్నం పన్నెండింటికి మిగతా దేశాలవి ఉంటాయి. వాటినెవరూ అడగరు."

అలా మార్చి 10, శుక్రవారం మధ్యాహ్నం చెక్ రిపబ్లిక్, చైనా మ్యాచ్‌కి టికెట్లు దొరికాయి. కన్వీనియన్స్ స్టోర్‌లో మెషీన్ మీద నంబరు కొట్టి, అది ఇచ్చిన చీటీ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి డబ్బు కట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం చూడాలి.

"చెక్కా? వాళ్లకి బేస్‌బాల్ వచ్చా?"

"చైనా వాళ్లకి మాత్రం వచ్చా ఏంటండీ? రండి, చూద్దాం."

ఆయన ఆదివారాలు నది ఒడ్డున మనవాళ్లతో క్రికెట్ ఆడే మనిషి. బేస్‌బాల్ అంటే ఆయన దృష్టిలో ఫుల్‌టాస్‌ల ఆట. బంతి నేల మీద పడదు, స్పిన్ తిరగదు, ఇంక అందులో ఏముందని వాదన. రైల్లో వెళ్తూ దారి పొడుగునా నాకు తెలిసింది నేను చెప్పాను. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టుకి మూడు అవుట్లు, అంతా కలిపి 27. ఈ టోర్నీలో ఇంకో కొర్రీ ఉంది. మొదటి రౌండులో ఒక పిచర్, అంటే బంతి వేసేవాడు, మ్యాచ్‌కి 65 బంతుల కంటే ఎక్కువ వేయకూడదు, క్వార్టర్ ఫైనల్లో 80, ఆపైన 95. ఒక రోజు 50 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఆటగాళ్ల భుజాలు అసలు సీజన్‌కి ముందే పాడవకూడదని ఈ ఏర్పాటు. మంచిదే గానీ, ఒకడు బ్రహ్మాండంగా వేస్తుంటే లెక్క చూసి దింపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా ఆయనకి మాత్రం అదొక్కటే నచ్చింది. "మనకి పది ఓవర్ల కోటాలాగ," అన్నారు.

మా నిషి కసాయ్‌లో మెట్రో తోజాయ్ లైను ఎక్కి ఈదాబాషిలో మారితే సుయిదోబాషి ఒక్క స్టేషనే. డోమ్‌కి స్తంభాలు ఉండవు, లోపలి గాలి ఒత్తిడే పైకప్పుని నిలబెడుతుంది. అందుకే గిరగిర తిరిగే తలుపుల్లోంచి పోనిస్తారు. లోపల చాలా సీట్లు ఖాళీ. బీరు డబ్బా వీపుకి తగిలించుకున్న అమ్మాయిలు మాత్రం నిండు స్టేడియంలో తిరిగినట్టే చెయ్యెత్తి నవ్వుతూ మెట్లు ఎక్కి దిగుతున్నారు.

చెక్ జట్టు సంగతి అక్కడే తెలిసింది. కోచ్ పావెల్ హడీమ్ నరాల డాక్టరు. పిచర్ ఓండ్రేయ్ సాతోరియా ఎలక్ట్రీషియన్. మార్టిన్ ష్నైడర్ అగ్నిమాపక సిబ్బందిలో పని చేస్తాడు. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఆడే మనుషులు, జర్మనీలో జరిగిన అర్హత పోటీలో స్పెయిన్‌ని ఓడించి మొదటిసారి ఈ టోర్నీకి వచ్చారు. మా వెనక కూర్చున్న పెద్దాయన ఇవన్నీ పత్రికలో చదివి వచ్చారట, మాకు ఒక్కొక్కటీ వేలు చూపించి చెబుతున్నారు. మా ఆయన ఆదివారం క్రికెట్ గ్యాంగులో కూడా అందరూ ఉద్యోగస్తులే కదా. ఆ క్షణం నుంచి ఆయన చెక్ పౌరుడైపోయారు.

మ్యాచ్ మటుకు చేజారిపోతున్నట్టే ఉంది. ముందున్న చెక్ వాళ్లని చైనా దాటేసింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి చైనా 5, చెక్ 4. అప్పుడు మార్టిన్ ముజిక్ కొట్టాడు. బేసుల మీద, అంటే పరుగు దారిలో ఆగే చోట్ల, ఇద్దరున్నారు. బంతి కంచె దాటింది, అదే హోమ్ రన్, వాళ్లిద్దరితో పాటు తనూ కలిపి మూడు పరుగులు. చివరికి 8-5. ఆ టోర్నీ చరిత్రలో చెక్ రిపబ్లిక్‌కి అదే తొలి విజయం. చుట్టూ ఉన్నది ఎక్కువగా జపాన్ వాళ్లే, అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓడిన చైనా వాళ్లకీ కొట్టారు. మా ఆయన గొంతు పోయింది. రాత్రి జపాన్, కొరియా మ్యాచ్‌కి వస్తున్న జనం స్టేషన్ నుంచి ఎదురొస్తుంటే "చెక్ గెలిచింది" అని తెలుగులో అరిచారు. ఎవరికి అర్థమైందో దేవుడికెరుక.

మర్నాడు మార్చి 11. 2011లో తూర్పు జపాన్‌ని భూకంపం, సునామీ ముంచెత్తిన రోజు. జపాన్ తరఫున బంతి అందుకున్నది రోకి ససాకి. రికుజెన్‌తకాతా అనే ఊళ్లో ఆ సునామీకి నాన్ననీ, తాతా నాయనమ్మలనీ పోగొట్టుకున్నవాడు, అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లాడు. ఎదుటి జట్టు మా చెక్. టీవీ ముందు కూర్చున్న నాకు ఎవరి వైపు ఉండాలో తోచలేదు. ససాకి బంతి 160 కిలోమీటర్లు దాటుతోంది. అయినా చెక్ వాళ్లే ముందు పరుగు తీశారు. తర్వాత సాతోరియా వచ్చి 120 కూడా దాటని బంతితో ఒతానీని స్ట్రైక్ అవుట్ చేశాడు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటు పట్టినవాడు అవుటే. ఎలక్ట్రీషియన్ చేతిలో ఒతానీ! మా ఆయన సోఫా మీంచి లేచి వంటగదిలోకి వెళ్లి తిరిగి వచ్చారు, ఎందుకెళ్లారో ఆయనకే తెలియదు. మ్యాచ్ 10-2తో జపాన్ గెలిచింది, అది వేరే విషయం. ససాకి బంతి తగిలి విల్లీ ఎస్కాలా మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత ససాకి సంచుల నిండా మిఠాయిలు పట్టుకుని వాళ్ల హోటల్‌కి వెళ్లి ఇచ్చి వచ్చాడు. మా ఆఫీసులో రెండు రోజులు ఇదే మాట.

అక్కడి నుంచి మా ఇంట్లో టోర్నీ తిష్ట వేసింది. తైవాన్‌లోని తైచుంగ్ గ్రూపులో ఐదు జట్లూ రెండేసి గెలిచి, రెండేసి ఓడాయి. ఎవరు పైకి? ఇచ్చిన పరుగుల్ని తీసిన అవుట్లతో భాగించి తేల్చారు. క్యూబా, ఇటలీ పైకెళ్లాయి. సొంత ఊళ్లో ఆడిన తైవాన్ ఇంటికి. నెట్ రన్ రేట్ లెక్కలు కంఠతా వచ్చిన జాతి మనది, మా ఆయన కాగితం మీద వేసి చూపించారు. ఈలోపు సూపర్ మార్కెట్‌కి వెళ్తే మిరియాల పొడి చేసే మిల్లులు కనబడ్డం మానేశాయి. అమెరికాలో పుట్టిన, జపాన్ తల్లి కొడుకు లార్స్ నూట్‌బార్ బేసు మీదికి చేరగానే మిరియాలు రుబ్బినట్టు చేతులు తిప్పుతాడు, జనం అసలు మిల్లులే పట్టుకుని స్టేడియానికి పోయారు. హైస్కూల్ పిల్లల టోర్నీలో ఒకడు అదే చేస్తే అంపైర్ మందలించాడు. పిల్లల మీద మరీ అంత పెత్తనం ఎందుకో నాకు అర్థం కాలేదు.

సెమీఫైనల్ మయామీలో. ఇక్కడికి మార్చి 21 ఉదయం ఎనిమిది గంటలు, అదృష్టం కొద్దీ సెలవు రోజు. ఉప్మా చల్లారిపోయింది. మెక్సికో మూడు పరుగులు ముందుకెళ్తే జపాన్ ఆటగాడు యోషిదా ఒక్క హోమ్ రన్‌తో సమం చేశాడు, మళ్లీ మెక్సికో రెండు తీసింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జపాన్ ఒక్క పరుగు వెనక. ఒతానీ రెండో బేసు దాకా కొట్టి, హెల్మెట్ విసిరేసి పరిగెత్తి, అక్కడ నిలబడి తన జట్టువాళ్లని హుషారు చేస్తూ చేతులు ఊపాడు. తర్వాత మురాకామి. అంతకు ముందు ఏడాది 56 హోమ్ రన్లు కొట్టిన కుర్రాడు ఈ టోర్నీలో బ్యాటుకి బంతి తగలక తంటాలు పడుతున్నాడు, ఆ రోజే మూడుసార్లు స్ట్రైక్ అవుట్. "వీణ్ణి మార్చేయరేం?" అని మా ఆయన. కోచ్ కురియామా మార్చలేదు. బంతి గోడకి తగిలింది, బేసుల మీదున్న ఇద్దరూ చుట్టు పూర్తి చేసి వచ్చారు, రెండు పరుగులు, 6-5.

ఫైనల్ బుధవారం, పనిరోజు. పది గంటల మీటింగ్ ఉందని ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు. ఆ గదిలో ప్రొజెక్టర్ మాత్రం వెలిగింది. జపాన్ 3, అమెరికా 2, ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్. బంతి ఒతానీ చేతిలో. ఎదురుగా మైక్ ట్రౌట్, అమెరికా కెప్టెన్, అప్పట్లో క్లబ్బులో ఒతానీ తోటి ఆటగాడు. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు, ఇంకో స్ట్రైక్ పడితే కప్పు. పక్క సీటాయన "స్లైడర్" అన్నారు గొంతులో, అంటే పక్కకి జారే బంతి. స్లైడరే వచ్చింది. ట్రౌట్ బ్యాటు గాలిలో తిరిగింది. 2006, 2009 తర్వాత జపాన్‌కి మూడో కప్పు. పక్క సీటాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సరే, మీటింగ్ మొదలెడదామా" అన్నారు.

జపాన్ ఆడిన ఏడు మ్యాచ్‌లనీ ఇక్కడ నూటికి నలభై ఇళ్లకి పైగా టీవీలో చూశారు. 2026 మార్చి టోర్నీని మాత్రం జపాన్‌లో ఒక్క నెట్‌ఫ్లిక్స్‌కే ఇచ్చారు. మా కింది ఫ్లాట్ మామ్మగారికి టీవీలో ఒకటో నంబరు నుంచి పన్నెండు దాకా నొక్కడమే తెలుసు, ఆవిణ్ణి మా ఇంటికే రమ్మన్నాం. గ్రూపులో ఆఖరున నిలిచిన జట్టు మళ్లీ అర్హత పోటీ ఆడుకోవాలని నియమం. 2023లో మా గ్రూపులో ఆఖరున నిలిచింది చైనా. చెక్ గెలిచింది ఆ ఒక్క మ్యాచే, అదీ చైనా మీదే. అందుకే 2026కి మళ్లీ నేరుగా చోటు దక్కింది, అదీ టోక్యోలోనే. ఈసారి దరఖాస్తులో మొదటి ఎంపికగా చెక్ ఆడే మ్యాచే పెట్టాం. మా ఆయన క్రికెట్ గ్యాంగులో కూడా నలుగురు పెట్టారు, కటకానాలో పేర్లు నేనే రాసిచ్చా.