వీసా మారలేదు, పన్ను లెక్క మారింది

మొన్న ఫిబ్రవరిలో డాలస్ నుంచి మా మేనల్లుడు వీడియో కాల్ చేసినప్పుడు, నల్లగొండలో మా అక్క బ్యాంకు పాసుపుస్తకాన్ని ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఫోనుకు చూపిస్తూ కూర్చుంది. "నాది ఇంకా చదువు వీసానే కదా మామా, పన్ను రిటర్నులో అమెరికా ఆదాయం ఒక్కటి చూపిస్తే సరిపోదా?" అని అతడు అడిగాడు. సరిపోదు.

అమెరికాలో వీసా హోదా వేరు, పన్ను కోసం నివాసి కావడం వేరు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి అక్కడ గడిపిన రోజులను మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాల పాటు ఈ నివాస లెక్కలోకి తీసుకోరు. మావాడు 2020 డిసెంబరు ఆఖరి వారంలో దిగాడు. ఆ నాలుగు రోజులే ఒక పూర్తి సంవత్సరం కింద పోయాయి కనుక, 2024తో ఆ మినహాయింపు తీరిపోయింది. 2025లో అతడు ఓపీటీ (చదువు వీసా మీదే కొంతకాలం పని చేయనిచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేస్తూ ఏడాదంతా అక్కడే ఉన్నాడు. 183 రోజులు దాటాయి కాబట్టి, వీసాలో ఒక్క అక్షరం మారకపోయినా పన్నుకు నివాసి అయ్యాడు. ఇకపై అతడు వేయాల్సిన పన్ను రిటర్ను నివాసులు కానివారి 1040-ఎన్‌ఆర్ కాదు, నివాసుల 1040 ఫారం. అంతవరకు జీతంలో కోతపడని సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నులు కలిపి 7.65 శాతం కూడా మొదలవుతుంది.

నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చూపించాలి. మా బావ పోయాక అతడి పేరిట వచ్చిన బత్తాయి తోట కౌలు ఇక్కడ వ్యవసాయ ఆదాయం, దానికి ఆదాయపు పన్ను లేదు. అక్కడ మాత్రం ఉంది. పైగా ఇక్కడ పన్ను కట్టలేదు గనుక అక్కడి పన్నులోంచి తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా దొరకదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ నయం, ఇక్కడ కట్టిన పన్నుకు పరిమితుల మేరకు అక్కడ క్రెడిట్ ఉంటుంది.

అక్కను నిజంగా బాధపెట్టింది ఆమె పేరు, కొడుకు పేరు కలిసి ఉన్న ఉమ్మడి ఖాతా. "అవి నా పింఛను పైసలు, వానికేం సంబంధం?" అంది. పేరు ఉన్నందుకే సంబంధం. విదేశీ ఖాతాలన్నిటి నిల్వ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే ఖాతాల వివరాల నివేదిక అమెరికాలో దాఖలు చేయాలి. అది పన్ను కాదు, సమాచారం మాత్రమే. కానీ చెప్పకపోతే జరిమానా చాలా పెద్దది.

మన చట్టమూ ముఖ్యంగా రోజులనే చూస్తుంది. అతడు సెలవుల్లో వచ్చినా, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటనంతవరకు, ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు లోపు ఉంటే ఇక్కడి పన్నుకు ప్రవాసిగానే ఉంటాడు.

ఆ రాత్రి అక్క కళ్లద్దాలు పెట్టుకొని, కౌలు డబ్బు, డిపాజిట్ సొమ్ము ఒకే నెలలో జమైన పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టింది.