క్యాలిపర్లకు ఎర్ర రంగు వేయించుకున్నందుకు

గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడడం నేను మొదట గమనించింది గత వేసవిలో. రాయచోటి వైపు నుంచి కడపకు వస్తూ, తక్కువ గేరులో దిగవలసిన చోట నాలుగో గేరులోనే ఉండి, ప్రతి మలుపుకూ బ్రేకునే నమ్ముకున్నాను. కింది మలుపులకు వచ్చేసరికి పెడల్ లోపలికి దిగిపోతున్నా బండి ఆగవలసినంత ఆగలేదు, పైగా కాలిన వాసన కొట్టింది. తప్పులో సగం నాది, మిగిలిన సగం నాలుగేళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్‌ది. ఆ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, కానీ తేమ చేరాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. ఒకసారి మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టాయంటే, మన కాలి బలం ఆ బుడగలను నలపడానికే ఖర్చయిపోతుంది.

నాది 2014 నాటి స్విఫ్ట్ డీజిల్ బండి. మలుపుల్లో కాస్త హుషారుగా నడపడం నాకు ఇష్టం, అందులో దాచుకోవడానికేమీ లేదు. అందుకని టైర్లు, బ్రేకులు రెండూ ఒకేసారి బాగు చేయించాలనుకున్నాను.

టైర్ల పని ఒక్క పూటలో ముగిసింది. కంపెనీ ఇచ్చినవి 165/80 ఆర్14. అదే మోడల్ పై రకానికి కంపెనీయే ఇచ్చిన 185/65 ఆర్15 సైజును, దానికి సరిపడే కంపెనీ అలాయ్ చక్రాలతో సహా ఎంచుకున్నాను. చక్రం మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్ల నుంచి 622కు మాత్రమే మారింది కాబట్టి స్పీడోమీటర్ లెక్క తప్పలేదు. దుకాణదారు మొదట తెచ్చిన టైరు అంచు మీద తయారీ అంకెల్లో చివరి రెండూ రెండేళ్ల కిందటి సంవత్సరాన్ని చూపాయి. వద్దన్నాను, మారు మాట్లాడకుండా కొత్తవి తెచ్చాడు. ఆ నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయని తెలిసిన గిరాకీతో దుకాణాలవాళ్లు ఎక్కువగా వాదించరు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కూడా అక్కడే అయిపోయాయి.

బ్రేకుల విషయంలో పెద్ద డిస్కుల జోలికి పోలేదు. ముందు చక్రాలకెంత, వెనుక డ్రమ్ములకెంత అన్న పంపకాన్ని కంపెనీ లెక్క కట్టి పెడుతుంది, దాన్ని మనం చెడగొట్టకూడదు. కొత్త డిస్కులు, మంచి ప్యాడ్లు, డాట్ 4 ఆయిల్, ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే క్యాలిపర్లకు కొత్త సీళ్లు చాలనుకున్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కొత్త అలాయ్‌ల సందుల్లోంచి కనిపించేలా క్యాలిపర్లకు ఎర్ర రంగు వేయమని కూడా షెడ్డులో చెప్పాను.

బండి తిరిగి చేతికి వచ్చిన సాయంత్రమే పెడల్ స్పంజిలా ఉందని తెలిసింది. ఒకసారి తొక్కితే సగానికి పైగా దిగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైకి లేస్తుంది. మర్నాడు షెడ్డుకు వెళ్లి చెబితే మళ్లీ బ్లీడింగ్ చేశారు, అంటే ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి తీసే పని, ఏమీ మారలేదు. మూడోసారి వెళ్లినప్పుడు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు. 3,400 రూపాయలు పెట్టి అదీ మార్పించాను, అయినా పెడల్ అంతే. నాలుగోసారి వెళ్లినప్పుడు షెడ్డు ఓనర్ తానే స్టీరింగ్ పట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగీ దిగగానే, వరుసలో వేచి ఉన్న నలుగురు గిరాకీల ముందు, “బండికేమీ లేదు సార్, మీకే అనుమానం. కొత్త ప్యాడ్లు కదా, కాలికి అలవాటు కావాల,” అన్నాడు. ఆ నలుగురిలో ఒకాయన నవ్వాడు. పాతికేళ్లుగా కారు నడుపుతున్న నేను, నా కాలికి తెలిసిన సంగతిని నోటితో నిరూపించలేక, డబ్బిచ్చి మరీ ఇంటికి వచ్చాను. ఆ రాత్రి అన్నం సహించలేదని చెప్పడానికి సిగ్గుపడను. తమ చేతి పనిని తాము మరోసారి చూసుకోవడం చిన్నతనమనుకునేవాళ్లు, గిరాకీకి మతి లేదనడం మాత్రం ఎంత సులువుగా నేర్చుకుంటారో!

చివరికి మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పని చేసి రిటైరయ్యారు. ఆదివారం ఉదయం వచ్చి, ముందు హ్యాండ్‌బ్రేక్ లాగించి పెడల్ తొక్కమన్నారు. అలా లాగినప్పుడు పెడల్ గట్టిపడితే లోపం వెనుక డ్రమ్ముల సర్దుబాటులో ఉన్నట్టట, గట్టిపడలేదు. తర్వాత ముందు చక్రం విప్పించి, అర నిమిషం చూసి, నవ్వారు.

“గాలి యాడికి పోతాది అల్లుడా?”

“పైకే కదా మామా.”

“మరి నీ బ్లీడింగ్ నిపుల్ కిందుందే!”

రంగు కోసం రెండు క్యాలిపర్లనూ విప్పిన షెడ్డువాళ్లు ఎడమ వైపుది కుడికి, కుడి వైపుది ఎడమకు బిగించారు. క్యాలిపర్ సరైన వైపు ఉంటే నిపుల్ పై భాగాన ఉంటుంది కాబట్టి, దాన్ని వదులు చేసి పెడల్ తొక్కినప్పుడు ముందుగా గాలి బయటికి పోతుంది. వైపులు మారితే నిపుల్ కిందికి దిగుతుంది. అప్పుడు ఎన్ని సీసాల ఆయిల్ పోసినా పై మూలన నిలిచిన గాలి కదలదు. మూడు సార్లు బ్లీడింగ్ చేసిన ఆ చేతుల పక్కనే ఉన్న కళ్లు దీన్ని ఎలా చూడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండు క్యాలిపర్లనూ వాటి వాటి వైపులకు మార్చి, గొట్టం బోల్టులకు కొత్త రాగి వాషర్లు వేసి, నిపుల్‌కు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి దాని కొసను సీసాలోని ఆయిల్‌లో ముంచి, మా అబ్బాయి పెడల్ తొక్కుతుండగా మామ బ్లీడింగ్ చేశారు. రెండున్నర గంటలు పట్టింది. పెడల్ రాయిలా నిలిచింది.

మరుసటి రోజు తెల్లవారుజామున పులివెందుల దారిలో, ముందూ వెనుకా ఎవరూ లేనప్పుడు, 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి పదిసార్లు గట్టిగా తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేకు ముట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనిచ్చాను. కొత్త ప్యాడ్లు డిస్కులకు కుదురుకోవాలంటే ఇది తప్పదు. షెడ్డులో ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. అదే వారంలో గువ్వలచెరువు ఘాట్‌ను, ఈసారి బుద్ధిగా రెండు మూడు గేర్లలో దిగాను. పెడల్ పై మలుపులో ఎంత ఎత్తున నిలిచిందో కింది మలుపులోనూ అంతే ఎత్తున నిలిచింది, కొత్త టైర్లు కీచుమనకుండా రోడ్డును పట్టుకున్నాయి.

మాస్టర్ సిలిండర్ డబ్బు వెనక్కి ఇమ్మని షెడ్డుకు వెళ్లాను. క్యాలిపర్లు తారుమారైన సంగతి ఫోన్‌లో ఫొటోతో సహా చూపించాను. ఓనర్ చాలాసేపు చూసి, “ఎర్ర రంగు కావాలన్నది మీరే కదా సార్, లేకపోతే మేం విప్పేవాళ్లమే కాదు,” అన్నాడు. సీళ్లు మార్చడానికైనా విప్పాలి కదా అన్నాను. దానికి జవాబు లేదు, డబ్బూ రాలేదు. విప్పిన పాత సిలిండర్‌ను మాత్రం అడిగి తెచ్చుకున్నాను. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంకో లక్ష కిలోమీటర్లు పని చేస్తుందన్నారు.